నీళ్లలో చేపకు బేరం

ఏటా జూన్ ఏడో తేదీనో, ఎనిమిదో తేదీనో వచ్చే తెల్లవారుజాము అది. రోహిణి వెళ్లి మృగశిర కార్తె ప్రవేశించే రోజు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంకా పూర్తిగా వెలుతురు రాకముందే రోడ్డు పక్కన పట్టాలు పరుస్తారు. తడి గోనెసంచుల కింది నుంచి బొచ్చెలు, రవ్వలు, బంగారు తీగలు బయటికొస్తాయి. తొట్టిలో కొర్రమీనులు తోకలు కొడుతుంటాయి. సంచి పట్టుకొచ్చిన గృహిణికీ చేపలమ్మే కుర్రాడికీ మధ్య ఆ రోజు జరిగే సంభాషణ ఏ ఊళ్లోనైనా ఒకటే.

"ఇదేంది తమ్మీ, నిన్నటి ధర కాదేంది?"

"నిన్న రోహిణి అక్కా. ఇయ్యాల మిరుగం."

అంతే! అంతకుమించి వివరణ ఉండదు. చేప అదే, చెరువు అదే, తూకం రాళ్లూ అవే. మారింది తేదీ ఒక్కటే. మిరుగం నాడు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా ఏదో వెలితి అన్నట్టు భావించే ఇళ్లు తెలంగాణలో ఎన్నో. రోళ్లు పగిలే ఎండలు పోయి వాతావరణం ఒక్కసారిగా చల్లబడే రోజులు కాబట్టి ఒంట్లో వేడి నిలవాలంటే చేప తినాలన్నది పెద్దల మాట. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేప మందు వేసేదీ ఈ కార్తె వచ్చినప్పుడే. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ రుజువులు లేకపోయినా జనం మాత్రం ఏటా బారులు తీరుతూనే ఉన్నారు. కారణం నమ్మకమే అయినా ధర మాత్రం నిజంగానే పెరుగుతుంది.

మరి ఆ పెరిగిన ధర ఎవరి జేబులోకి వెళుతోంది? చెరువులో వల లాగినవాడి జేబులోకేనా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు చేపకూ కాలానికీ ఉన్న లంకె ఏమిటో చూడాలి. అందుకు ఘన్‌పూర్ నుంచి కాస్త దూరం, స్కాట్లాండ్ దాకా, వెళ్లి రావాలి. ఎందుకంటే చేపను కాకుండా చేప దొరికే వారాన్ని అమ్ముకోవడం అక్కడివాళ్లకు బాగా తెలుసు.

వారానికో ధర

స్కాట్లాండ్‌లో టే, ట్వీడ్, స్పే, డీ అని పేరున్న నదులున్నాయి. వాటిలోకి అట్లాంటిక్ సముద్రం నుంచి సాల్మన్ చేపలు వస్తాయి. సాల్మన్ పుట్టేది నదిలో, పెరిగేది సముద్రంలో. గుడ్లు పెట్టడానికి మళ్లీ తాను పుట్టిన నదినే వెతుక్కుంటూ వస్తుంది. ప్రవాహానికి ఎదురీదుతూ, అడ్డొచ్చిన చిన్న జలపాతాల మీదికి ఎగిరి దూకుతూ పైకి పోతుంది. విచిత్రమేమిటంటే నదిలోకి వచ్చాక అది దాదాపు ఏమీ తినదు. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే ప్రయాణం సాగిస్తుంది.

తినని చేపను గాలంతో పట్టడం ఎలా? అక్కడే ఉంది అసలు ఆట. చిన్న కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, తళుకు దారాలు చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో తయారుచేస్తారు. దాన్ని 'ఫ్లై' అంటారు. పొడవాటి కర్రతో, బరువైన దారంతో దాన్ని నీటి మీదికి విసురుతారు. ముందునుంచి పోతున్న ఆ రంగుల ఈకను చూసి సాల్మన్‌కు కోపమొస్తుందో, కుతూహలమే కలుగుతుందో, పాత అలవాటే గుర్తొస్తుందో కానీ ఒక్కోసారి నోరు తెరిచి అందుకుంటుంది. నీళ్లు చల్లగా, నిండుగా ఉంటే పెద్ద ఫ్లై, వెచ్చబడి తగ్గితే చిన్న ఫ్లై. వాన పడి నది ఉప్పొంగి, మళ్లీ నెమ్మదిగా తగ్గుతున్నప్పుడు చేపలు బాగా కదులుతాయి. ఆ గంటలే బంగారు గంటలు.

కాబట్టి అక్కడ కాలానికే ఖరీదు. టే నదిలో గాలం వేసే కాలం జనవరి 15న మొదలై అక్టోబరు 15న ముగుస్తుంది. ట్వీడ్‌లో అయితే ఫిబ్రవరి 1 నుంచి నవంబరు 30 దాకా. తొలిరోజున పడవ మీద విస్కీ చిలకరించి వేడుక చేస్తారు. నదిని ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కను వారాల లెక్కన, రోజుల లెక్కన అద్దెకిస్తారు. అదే ముక్క, అదే ఒడ్డు. చేపలు రాని వారంలో ఒక రోజుకు కొన్ని పదుల పౌండ్లు చాలు. చేపలు గుంపులుగా వచ్చే వారంలో పేరున్న చోట ఆ రోజు ఖరీదు వందల పౌండ్లకు చేరుతుంది. మంచి వారాలను ఏటికేడు తమకే ఉండేలా ముందే కొనిపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఒక మాటుంది కదా, నీళ్లలో చేపను బేరమాడినట్టు అని. లేని సొమ్ముకు లెక్కలు వేసేవాణ్ని ఎగతాళి చేయడానికి వాడతాం. స్కాట్లాండ్ నది యజమాని చేసేది సరిగ్గా అదే. చేప నీళ్లలో ఉండగానే, అసలు నదిలోకి రాకముందే బేరం కుదిరి సొమ్ము చేతికొచ్చేస్తుంది. చేప పడితే ఆడినవాడి అదృష్టం. పడకపోతే అది కూడా వాడి అదృష్టమే!

పైగా పడినా ఇంటికి తీసుకుపోవడం తక్కువే. 2015 నుంచి అక్కడ ఏప్రిల్ 1కి ముందు పట్టిన ప్రతి సాల్మన్‌నూ మళ్లీ నీళ్లలో వదిలేయాలన్నది చట్టం. ఆ తర్వాతి నెలల్లో కూడా ఎక్కువమంది తమంతట తామే వదిలేస్తున్నారు. కారణం, చేప తరిగిపోవడం. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. టే నదిలోనే 1922 అక్టోబరు 7న జార్జినా బాలంటైన్ అనే యువతి గాలానికి 64 పౌండ్ల సాల్మన్ చిక్కింది. అంటే 29 కిలోలు. శతాబ్దం దాటినా బ్రిటన్‌లో ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

ఇంకో సంగతి. స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్‌కు గాలం వేయడం నేరం. వారానికి ఒక రోజు చేపకు సెలవన్నమాట. మన దగ్గర ఆదివారమే చేపకు అసలు గండం!

ఘన్‌పూర్ ఏడాది

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఘన్‌పూర్‌లు రెండు. కోట గుళ్లున్న ఘన్‌పూర్ భూపాలపల్లి వైపు ఉంది. రైలు స్టేషనున్న ఘన్‌పూర్ కాజీపేట, సికింద్రాబాద్ మార్గంలో ఉంది. రెండూ కలగలిసిపోకుండా ఉండటానికే దీనికి 'స్టేషన్' ముందు చేరింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగేదాకా ఇది వరంగల్ జిల్లా. ఆ తర్వాత జనగామ జిల్లా. ఏటి నీటి కంటే చెరువు నీటినే నమ్ముకున్న ప్రాంతం. ఇక్కడ ముదిరాజులు, గంగపుత్రులు సంఘాలుగా ఏర్పడి చెరువుల్లో చేపలు పెంచి పట్టుకుంటారు.

స్కాట్లాండ్ నదికి క్యాలెండర్ ఉన్నట్టే ఈ చెరువులకూ ఉంది. అది గోడ మీద కనిపించదు, కార్తెల్లో ఉంటుంది.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలి వానలు పడగానే వాగుల్లో కొత్తనీరు పారుతుంది. ఆ నీటి వాసనకు పరకలు, జెల్లలు, కొర్రమీనుల్లాంటి నాటు చేపలు ఎదురెక్కుతాయి. చెరువులోంచి కాలువలోకి, కాలువలోంచి పొలం మడిలోకి పాకుతాయి. అక్కడే గుడ్లు పెడతాయి. సాల్మన్ వేల కిలోమీటర్లు ఈది చేసే పనినే మన జెల్ల రెండు గట్ల అవతల చేస్తుంది. పిల్లలు బుట్టలు, దోమతెరలు పట్టుకుని మడికట్ల వెంట పరుగులు తీసేది అప్పుడే. ఊరికది పండగ. కానీ గుడ్లతో ఉన్న చేపను ఒకదాన్ని పట్టామంటే రేపటి వేల పిల్లలను పట్టినట్టే. సముద్రంలో ఇలా జరగకూడదనే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. చెరువు కాలువకు అలాంటి కాపలా లేదు. అక్కడ ఊరి ఇంగితమే చట్టం.

బొచ్చె, రవ్వ, మోసుల సంగతి వేరు. ఇవి పారే పెద్ద నదుల్లోనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో పెట్టవు. అందుకే చెరువులోకి ఏటా బయటినుంచి పిల్లలను తెచ్చి వదలాల్సిందే. ఆ పిల్లలు కేంద్రాల్లో పుట్టడానికి దారి చూపింది 1957 జులై 10న ఒడిశాలో జరిగిన ఒక ప్రయోగం. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేపలకు పీయూష గ్రంథి ద్రావణాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే నేడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేప పిల్లలను చెరువుల్లో వదిలే పథకం మొదలైంది. వేసవిలో ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు అన్నది నిబంధన. వీటిలో చాలా భాగం ఆంధ్రలోని కైకలూరు వైపునుంచి ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో రాత్రంతా ప్రయాణించి వస్తాయి.

సంచిని తేగానే విప్పి గుమ్మరించకూడదు. పావుగంటో ఇరవై నిమిషాలో చెరువు నీటి మీద తేలనివ్వాలి. సంచిలోని నీటి వేడీ చెరువు నీటి వేడీ సమానమయ్యాక మూతి విప్పితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ వెళతాయి. అదీ ఉదయం చల్లటి వేళో, సాయంత్రమో చేయాలి. మిట్టమధ్యాహ్నం ఫొటోల కోసం కుమ్మరిస్తే ఖర్చంతా కొంగలకూ నీటికాకులకూ విందే.

పిల్లలు వదలడానికి మంచి సమయం చెరువులోకి సరిపడా నీరొచ్చి, మత్తడి దుంకే ఉధృతి తగ్గాక. అంటే రమారమి ఆగస్టు, సెప్టెంబరు. మరీ ముందు వదిలితే మత్తడి మీదుగా కొట్టుకుపోతాయి. ఆలస్యంగా వదిలితే పెరగడానికి నెలలు చాలవు. నీళ్లు వెచ్చగా ఉన్నంతకాలం చేప చకచకా పెరుగుతుంది. చలికాలం రాగానే మేత తగ్గించి మందగిస్తుంది. మళ్లీ శివరాత్రి దాటి ఎండ ముదిరితే పెరుగుదల అందుకుంటుంది. కాబట్టి చలికి ముందు దొరికే ప్రతి వారం విలువైనదే. సెప్టెంబరులో వదలాల్సిన పిల్లను నవంబరులో వదిలితే పోయేది రెండు నెలలే అనిపిస్తుంది. కానీ పోయేవి ఏడాదిలోకెల్లా మంచి నెలలు.

ఉచితం వెనకున్న ఖర్చు

చేప పిల్లలు ఉచితమే. నీళ్లు దేవుడివి. ఇంకేం ఖర్చు అనిపిస్తుంది చూసేవాళ్లకు. చెరువు కట్ట మీద కూర్చుని లెక్క వేస్తే తెలుస్తుంది.

ముందు వలలు. నైలాను వల ఎండకు, ముళ్లకు, తుమ్మ మొద్దులకు చిరుగుతూనే ఉంటుంది. తెప్పో, పుట్టో కావాలి. రాత్రిళ్లు దొంగ వలలు పడకుండా కావలి ఉండాలి. పట్టే రోజున పెద్ద వల లాగడానికి మనుషులు కావాలి. ఎండల్లో పట్టిన చేపకు చేపంత బరువు ఐసు కావాలి. కిలోకు కిలో అన్నది పాత లెక్క. ఆపైన ఆటో కిరాయి, సంతలో స్థలానికి రుసుము. వీటన్నిటికీ డబ్బు కావాల్సింది చేప అమ్మాక కాదు, పట్టడానికి ముందు!

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ ఊరి అంకెలూ కావు, అర్థం కావడానికి అనుకునేవి. ఒక చెరువులో పది వేల పిల్లలు వదిలారు. నాటు కొర్రమీనులు, వాలుగలు, పక్షులు తినగా నూటికి నలభై బతికాయి. అంటే నాలుగు వేలు. సకాలంలో వదిలారు కాబట్టి తలా ఏడు వందల గ్రాములు పెరిగాయి. మొత్తం 2,800 కిలోలు. కిలోకు వంద రూపాయల లెక్కన రెండు లక్షల ఎనభై వేలు. సంఘంలో డెబ్బై కుటుంబాలుంటే ఖర్చులు తీయకముందే ఒక్కో కుటుంబానికి నాలుగు వేలు.

అదే రెండు నెలలు ఆలస్యంగా వదిలారనుకుందాం. చేప నాలుగు వందల యాభై గ్రాముల దగ్గరే ఆగింది. బరువు 1,800 కిలోలే. చిన్న చేపకు ధరా తక్కువే, కిలోకు ఎనభై. మొత్తం లక్షా నలభై నాలుగు వేలు. కుటుంబానికి రెండు వేలు దాటీ దాటకుండా. ఖర్చులు మాత్రం తగ్గవు. వలకు చిన్న చేపా ఒకటే, పెద్ద చేపా ఒకటే.

పట్టే సమయం కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో చుట్టుపక్కల చెరువులన్నీ ఒకేసారి అడుగంటుతాయి. ఊరూరా వలలు పడతాయి. మార్కెట్ చేపలతో నిండిపోయి ధర పడిపోతుంది. ఇంకో మూడు వారాలు ఆగితే మిరుగం. కిలోకు ఇరవై రూపాయలు పెరిగినా పై లెక్క ప్రకారం సంఘానికి అదనంగా యాభై ఆరు వేలు. కుటుంబానికి ఎనిమిది వందలు. ఒక ఇంట్లో పిల్లల నోటు పుస్తకాలకు సరిపోయే డబ్బు అది. బడులు తెరిచేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

మరి ఎందుకు ఆగరు?

తూము దగ్గర

ఆగనివ్వని వాటిలో మొదటిది ఎండ. నీళ్లు మోకాలి లోతుకు దిగితే రోహిణి ఎండకు మరిగిపోతాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు నిలవదు. రాత్రంతా నాచు, నీటి మొక్కలు కూడా దాన్నే పీలుస్తాయి కాబట్టి తెల్లవారుజామున చెరువులో గాలి బాగా తక్కువ. అప్పుడు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. అది చూసిన మత్స్యకారుడికి ఇక నిద్ర పట్టదు. ఒక్క మబ్బు పట్టిన రాత్రి చాలు, తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు తేలడానికి. చచ్చిన చేపకు మిరుగం ఉండదు.

రెండోది తూము. యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో రైతుకు ప్రతి తడీ ప్రాణం. తూము ఎత్తమంటాడు. నీళ్లు పోతే చేప పోతుంది కాబట్టి మత్స్యకారుడు దించమంటాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. చాలాసార్లు ఒకరినొకరు బావా, మామా అని పిలుచుకునేవాళ్లే. చెరువు తవ్వించింది పొలం కోసం కాబట్టి మొదటి మాట రైతుదే అవుతుంది. అందులో అన్యాయమూ లేదు. కానీ అడుగున రెండడుగుల నీళ్లు మిగిల్చే ఒప్పందం ముందే ఉంటే ఇద్దరూ బాగుపడతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో లోతు పెరిగింది. ఆ లోతులో చివరిదాకా కాస్త నీరు నిలిచినచోట చేపకు కొన్ని రోజులు అదనంగా దొరుకుతాయి.

ఘన్‌పూర్‌కు మరో వెసులుబాటు కూడా వచ్చింది. ములుగు జిల్లాలో గోదావరి నీటిని ఎత్తిపోసే దేవాదుల పథకంలో ఇక్కడి జలాశయం ఒక మజిలీ. కాగితాల్లో దాని పేరు 'ఆర్.ఎస్. ఘన్‌పూర్'. రైల్వే స్టేషన్ ఘన్‌పూర్ అని దాని అర్థం. జలాశయం నిండుగా ఉంటే వేసవి భయం తగ్గుతుంది. కానీ దానికో చిక్కుంది. నీళ్లు నిండుగా ఉంటే చేప పలుచగా చెదిరిపోతుంది. లోతులో వల అడుగు తాకదు. పది మంది లాగితే వచ్చేది ఇద్దరి కూలికీ సరిపోకపోవచ్చు. చిన్న చెరువులో మత్స్యకారుడు నీరు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తే, జలాశయంలో నీరు ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తాడు. రెండుచోట్లా గడియారం అతని చేతిలో లేదు.

మూడోది అన్నిటికంటే గట్టిది, అప్పు. వలకు, తెప్పకు, ఐసుకు ముందు డబ్బు కావాలని చెప్పుకున్నాం కదా. ఆ డబ్బు ఇచ్చేది చేపలు కొనే వ్యాపారి. చెరువు తనకే అప్పగించాలన్నది షరతు. ధర అతను చెప్పిందే. పట్టే రోజూ అతను చెప్పిందే. మేలో లారీ వచ్చి కట్ట మీద ఆగితే మేలోనే పట్టాలి. జూన్‌లో ధర పెరిగే నాటికి చేప మత్స్యకారుడి చేతిలో ఉండదు. ఐసు పెట్టెలో ఉంటుంది.

ఇప్పుడు స్కాట్లాండ్ నదినీ ఘన్‌పూర్ చెరువునూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడా నీళ్లలో చేపకే బేరం. ఇక్కడా నీళ్లలో చేపకే బేరం. అక్కడ యజమాని మంచి వారాన్ని ఎంచి, దాన్ని ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నాడు. ఇక్కడ మత్స్యకారుడు మంచి వారం రాకముందే, తక్కువ ధరకు అమ్ముకుంటున్నాడు. తేడా చేపలో లేదు. ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అన్నదాంట్లోనే ఉంది.

ఆగడానికి దారులు

ఆగే శక్తిని పెంచుకునే మార్గాలు లేకపోలేదు. చెరువునంతా ఒక్కరోజులో ఊడ్చేయకుండా జనవరి నుంచే వారానికోసారి పెద్ద చేపను మాత్రమే పట్టి, పక్క ఊళ్లలో అమ్ముకోవచ్చు. పెద్ద కన్నుల వల వేస్తే చిన్నది తప్పించుకుని పెరుగుతుంది. మిగిలిన వాటికి చోటూ మేతా పెరుగుతాయి. చేతికి కాస్త డబ్బొస్తూ ఉంటుంది కాబట్టి వ్యాపారి అప్పు అవసరమూ తగ్గుతుంది. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ మధ్యలో, మోసు అడుగున మేస్తాయి. మూడూ సరైన పాళ్లలో ఉంటేనే చెరువులోని మేతంతా మాంసంగా మారుతుంది. ఒకే రకం ఎక్కువైతే అవి ఒకదాని నోటికాడిది మరొకటి లాక్కుంటాయి.

ఆలస్యమైన పిల్లలకూ విరుగుడుంది. ఆంధ్రలో చేపల రైతులు చాలాకాలంగా చేస్తున్నదే. పిల్లలను చిన్న కుంటలో ఇరుకుగా, తక్కువ మేతతో కొన్ని నెలలు ఆపి ఉంచుతారు. అవి సన్నగా ఉన్నా గట్టిపడతాయి. పెద్ద చెరువులో పడగానే ఆకలి తీరా తిని వేగంగా బరువెక్కుతాయి. శత్రువుల నోటికీ అంత తేలిగ్గా చిక్కవు. ఊరి కుంటల్లో ఒకదాన్ని సంఘం ఇందుకోసం కేటాయించుకుంటే, పిల్లల లారీ కోసం నవంబరు దాకా దారి చూడాల్సిన పనుండదు.

కొర్రమీను కథ మరీ ప్రత్యేకం. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా దీన్నే ఎంచుకున్నారు. నీటిలో గాలి తగ్గినా పైకొచ్చి బయటి గాలి పీల్చుకోగలదు. తొట్టిలో బతికే ఉంటుంది కాబట్టి అమ్మేవాడు ఈ రోజు కాకపోతే రేపు అనగలడు. చెరువు చేపలన్నిటిలో దానికి ఎక్కువ ధర పలకడానికి రుచితోపాటు ఇదీ ఒక కారణం. కాలాన్ని తనతోపాటు మోసుకొచ్చే చేప అది.

చనిపోయిన చేపకు ఆ కాలాన్ని ఇచ్చేది ఐసు. తెలంగాణలో సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద 75 శాతం రాయితీతో ఐసు పెట్టెలున్న మోపెడ్లు ఇచ్చారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు, దళిత, గిరిజనులకు 60 శాతం, ఇతరులకు 40 శాతం సాయం ఉంది. బండి కన్నా పెట్టె ముఖ్యం. మోపెడ్ మీద తిరిగే మహిళ చేతిలో చేప ఉంటే లారీవాడి ధరకు తల ఊపాల్సిన పనిలేదు.

కొనేవాళ్ల వంతు

ఇంత చెప్పుకున్నాక కొనేవాళ్లు చేయగలిగిందీ కొంత ఉంది. అరకిలోకు తక్కువున్న బొచ్చె, రవ్వ కనిపిస్తే అది ఇంకా పెరగాల్సిన చేప అని గుర్తుంచుకోవాలి. కొనేవాళ్లు లేకపోతే పట్టేవాళ్లూ తగ్గుతారు. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, వేలితో నొక్కిన చోట గుంట నిలవకూడదు. ఈ మూడూ ఉంటే అది దగ్గరి చెరువు చేప అయ్యే అవకాశం ఎక్కువ. ఏ చెరువుదని అడగడంలో నామోషీ లేదు. చెరువు పేరు చటుక్కున చెప్పగలిగినవాడు ఎక్కువసార్లు పట్టినవాడే అయి ఉంటాడు. అతనితో బేరం కాస్త తక్కువాడినా నష్టం లేదు.

మిరుగం ఒక్కనాడే కాదు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూడా వారానికోసారి చేప కొనే ఇల్లు ఒకటి ఉందంటే, మేలో లారీ కోసం ఎదురుచూడని మత్స్యకారుడు ఒకడు ఉంటాడు.

మళ్లీ జూన్ వస్తుంది. రోహిణి వెళ్లి మృగశిర వస్తుంది. ఘన్‌పూర్ రోడ్డు పక్కన పట్టాలు పరుస్తారు. సంచి పట్టుకుని వెళ్లిన అక్క ధర విని ఒక్క క్షణం ఆగుతుంది. ఎక్కువే. అయినా ఫరవాలేదు. ఆ ధర చెబుతున్నది వల లాగిన చెయ్యే అయితే!